మింగిన రాయి

మా నాన్న దండాసి
సముద్ర సింహాన్ని ఏనాడూ సింహం అనలేదు.
"సెవుల కుక్క" అన్నాడు ఒకసారి.
జానెడు మీసం చూపించి "నీటి దున్న" అన్నాడు ఇంకోసారి.
గోపాల్‌పూర్ లైట్‌హౌస్ కింద, వలలు అల్లే చోట
ఆ జంతువుకి ఇప్పటికీ ఖాయమైన పేరు లేదు.

పెద్ద ఓడలో వంటవాడికి తోడుగా వెళ్లాడు.
ఎక్కడో దక్షిణాన, మ్యాపులో ఈగ వాలినంత దీవి.
చెట్టు లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు.
బియ్యం మూటలకీ కిరసనాయిలు పీపాలకీ
పంతొమ్మిది రోజులు కాపలా.
చదువుకున్నవాళ్లు జంతువుల్ని లెక్కపెట్టారు.
ఈయన వాళ్ల గిన్నెలు తోమి
మిగతా పొద్దంతా చూశాడు.

"మగది రాయెక్కి కూకుంటాది.
తిండి నేదు. నిద్దరైనా సరిగ్గా పోదు.
ఇంకోటి దగ్గరికొస్తే రొమ్ముతో గుద్ది నెత్తురు తీస్తాది.
నెల తిరిగేతలికి ఒంటిమీద తోలు ఏలాడతాది.
ఎందుకనీ? రాయి కోసం!
దానికి పట్టా ఉందా ఏటి?"
అని పడీపడీ నవ్వేవాడు.

మా వీధి చివరి రెండు వరసల్నీ సముద్రం తీసుకున్న ఏడు
ఆఫీసులో పట్టా అడిగారు, ఒడియాలో.
ఇంటికొచ్చి, అంటే ఇల్లుండాల్సిన చోటికొచ్చి,
తడి ఇసకలో కూర్చున్నాడు చీకటి పడేదాకా.
పిలిచినా తినలేదు.

ఆడవాటి సంగతి అడిగితే గొంతు తగ్గించేవాడు.
ఈనిన వారం దాకా పిల్లను వదలవట.
తర్వాత ఆకలి.
చంటిదాన్ని రాళ్ల మధ్య దించి నీళ్లలోకి దూకుతాయి,
రెండు రాత్రులు, ఒక్కోసారి మూడు.
చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు గానీ
వీటికి నేర్పాలి.
పోటు వదిలేసిన గుంటల్లో
మునిగి, తుమ్మి, ఒకదాని మీదొకటి ఎక్కి
ఏడుస్తూ నేర్చుకుంటాయి.

తిరిగొచ్చిన తల్లి ఒడ్డున నిలబడి అరుస్తుంది.
పక్కన ఇంకో రెండొందల తల్లులు.
మన చెవికి ఒకటే గోల.
ఆ పిల్లల కుప్పలోంచి ఒక్కటి తలెత్తుతుంది.
దొర్లి, పడి, దారిలో ఎవరి తల్లి చేతో కరిపించుకుని వస్తుంది.
ముక్కు ముక్కుకి ఆనించి వాసన చూశాకే పాలు.
"పేర్లెట్టుకోవు అయి. గొంతే పేరు."

బడి రిజిస్టర్లో నేను ఇరమ్మ.
యర్రాయమ్మ అనడానికి మాస్టారి నాలుక తిరగలేదు,
నేనూ దిద్దలేదు.
తెలుగు అక్షరాలు నాకు చాలా తర్వాత,
ఇచ్ఛాపురం సినిమా పోస్టర్ల మీద, బంక తడి ఆరకముందే
ఒక్కొక్కటీ దొరికాయి.
కానీ అంతకుముందే,
బరంపురం బస్సు దిగి, ఖాళీ గంప చంకన పెట్టుకుని
ఇసక దిబ్బెక్కి అమ్మ పిలిచేది:
"ఓలే యెర్రే...య్!"
కింద ముప్పై మందిమి ఒడియాలో తిట్టుకుంటూ ఆడుతుండేవాళ్లం.
నా తలే లేచేది.
దగ్గరికెళ్తే కవళ్ల వాసన, మంచు నీళ్లకి పాసిన వేళ్లు.

నాన్న ఆ దీవి నుంచి తెచ్చింది ఒక్కటే:
ఒక ముసలి జంతువు కక్కేసిన రాయి.
లోతుకి మునగడానికి మింగుతాయో, ఆకలి మాయ చెయ్యడానికో,
లెక్కపెట్టేవాళ్లకే తెలియలేదట.
కోడిగుడ్డంత, కడుపులో తిరిగి తిరిగి నున్నబడింది.
దానికి దారం చుట్టి వల అంచున కట్టాడు,
సీసపు గుళ్లకి జతగా.
"దానికి పనికొచ్చింది, మనకి రాదా?"

మొన్న ఎండలో ఆయన పాత వల విప్పాను.
దారం కుళ్లిపోయింది. రాయి ఉంది.
ఎవరూ చూడట్లేదని నోట్లో పెట్టుకున్నాను.
ఉప్పు. ఇంకేమీ లేదు.

అంతలో వెనక ఇంట్లోంచి
ముసలి గొంతు, సగం అరిగిపోయి,
"ఓలే యెర్రే..."
నోటి నిండా రాయి.
బదులు పలకలేక
తలెత్తాను.